‘మళ్లీ నిండుతుందిలే!’

నదిలో తవ్విన గొయ్యి వరదొస్తే నిండుతుంది. మరి ఆ గోతిలో ఆగిపోయిన ఇసుక కోసం దిగువన ఎదురుచూస్తున్న తీరం మాటేమిటి? ఉప్పాడ ఒడ్డున నిలబడి దేశదేశాల ఇసుక చట్టాలను చదివితే మనసులో మెదిలే ప్రశ్న ఇది.

తుపాను వెళ్లిపోయిన మర్నాడు ఎవరైనా ఏం చేస్తారు? ఎగిరిపోయిన రేకులు వెతుక్కుంటారు. తడిసిన బియ్యం ఆరబోసుకుంటారు. ఉప్పాడలో మాత్రం బంగారం ఏరుకుంటారు!

నవ్వులాటకు కాదు, నిజంగానే. 2020 నవంబరులో నివర్ తుపాను దాటాక ఉప్పాడ తీరంలో ఆడామగా, పిల్లాజెల్లా ఇసుకలో కూర్చుని వెతుకులాడారు. కొందరికి పిసరంత పిసరంత బంగారు ముక్కలు దొరికాయి కూడా. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. టీవీల్లో రోజంతా అదే వార్త. ‘సముద్రం బంగారం ఇస్తోందట’ అని ఊళ్లకు ఊళ్లు ముచ్చటగా చెప్పుకున్నాయి.

అయితే ఆ బంగారం సముద్రానిది కాదు, ఊరిదే. గుడి కట్టినా, ఇల్లు కట్టినా పునాదిలో కాస్త బంగారం వేయడం మనకు ఆనవాయితీ. ఉప్పాడలో అలాంటి గుళ్లను, ఇళ్లను కడలి ఎన్నో ఏళ్లుగా ఒక్కొక్కటిగా మింగేసింది. మింగినదాంట్లో పిసరంత అప్పుడప్పుడూ ఒడ్డున పడేస్తోందని స్థానికులు చెప్పే మాట. ఆ మాట వింటే ముచ్చట పోయి గుండె బరువెక్కుతుంది.

ఊరెక్కడుందంటే...

కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళితే ఉప్పాడ వస్తుంది. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కాకినాడ జిల్లా. మగ్గం మీద జాందానీ నేసే ఊరు. ఎటు తిప్పి చూసినా ఒకేలా కనిపించే ఆ చీరల పనితనానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఊళ్లో సగం బతుకు మగ్గంది, సగం బతుకు వలది.

పాత ఊరు ఎక్కడుండేదని ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే వేలు అటూ ఇటూ తిరగదు. నేరుగా సముద్రం వైపే చూపిస్తుంది. అదిగో, ఆ కెరటం విరుగుతున్న చోట గుడి. దానికి ఇవతల వీధి. ఇంకాస్త ఇవతల వలలు ఆరేసుకునే మెరక. ఇప్పుడు అక్కడంతా నీళ్లే. పక్కనున్న మాయాపట్నం, సూరాడపేట, కోనపాపపేటలదీ ఇదే కథ. 2014లో హుద్‌హుద్ అయినా, 2025 అక్టోబరులో మొంథా అయినా, పేరు మారుతుంది గానీ తీరు మారదు. బీచ్ రోడ్డు తెగుతుంది, రాళ్లు దొర్లుతాయి, ఒడ్డున ఉన్న ఇళ్లు కొన్ని కూలిపోతాయి.

అడ్డుకట్ట వేయలేదా అంటే... వేశారు. బండరాళ్లు పోశారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు పరిచి గోడలా పేర్చారు. కొన్నాళ్లు ఆగింది. తర్వాత కెరటాలు వాటినీ చీల్చేశాయి. ఆ ట్యూబుల్లో నింపింది ఇసుకే, వాటిని కోసుకుపోయిన సముద్రానికి కరువైందీ ఇసుకే.

చిత్రమేమిటంటే, ఉప్పాడ ఒడ్డున ఏ గనీ లేదు. గని తవ్వితే దుమ్ము రేగుతుంది, లారీలు తిరుగుతాయి, పక్క పొలాలు పాడవుతాయి. అందుకే గనులకు చట్టాలు పెట్టినవాళ్లు గని చుట్టూ ఓ గీత గీశారు. గీత లోపల ఏం జరుగుతోందో చూశారు. ఇసుక మాత్రం గీత లోపల ఉండే వస్తువు కాదు. అది నడుస్తుంది. నదిలో నడుస్తుంది, కడలి ఒడ్డు వెంటా నడుస్తుంది. ఒకచోట తవ్వితే నష్టం పదుల మైళ్ల అవతల, గని అన్న మాటే తెలియని ఊళ్లో తేలొచ్చు.

ఇసుక ఖనిజమా?

అవును. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం మామూలు ఇసుక కూడా ఖనిజమే. కాకపోతే ‘చిన్నతరహా ఖనిజం’. బొగ్గు, ఇనుము లాంటివాటి పగ్గాలు కేంద్రం చేతిలో ఉంటాయి. ఇసుక, కంకర, గ్రావెల్ లాంటివాటికి నిబంధనలు రాసుకునే అధికారం అదే చట్టంలోని 15వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది.

మన తీరంలో ఇంకో రకం ఇసుక ఉంది. ఒడ్డున నల్లగా మెరిసే ఇసుక. అందులో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్ ఉంటాయి. కొన్నిచోట్ల మోనజైట్ కూడా ఉంటుంది. దాన్నుంచి అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం వస్తుంది. భీమిలి దగ్గర, శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం తీరంలో ఈ నిల్వలు పేరుపొందినవే. ఆ నల్ల ఇసుక మీద దేశానికి వెయ్యి కళ్లు. 2019లో నిబంధనలు మార్చి, మోనజైట్ ఏ కాస్త ఉన్నా సరే ప్రైవేటు సంస్థలు తవ్వడానికి వీల్లేదనేశారు.

మరి మామూలు ఇసుక? దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఇల్లు కట్టేవాళ్లకు ‘ట్రాక్టరు ఎంత?’ అన్నదొక్కటే బెంగ. ప్రభుత్వాలదీ అదే లెక్క. మన రాష్ట్రంలో 2016లో ఉచితమన్నారు. 2019లో విధానం మార్చి డబ్బు కట్టమన్నారు. 2024 జూలైలో మళ్లీ ఉచితమన్నారు. ఎనిమిదేళ్లలో ఇన్ని మలుపులు తిరిగినా వాదనంతా ధర చుట్టూనే నడిచింది. ఆ ఇసుక నదిలోనే ఉంటే ఎవరికి ఏం పని చేసేదన్న మాట పెద్దగా వినిపించలేదు.

తక్కువ వస్తువేం కాదు ఇసుక. ప్రపంచం ఏటా వాడుతున్న ఇసుక, కంకర, పిండిరాయి కలిపి 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో లెక్క చెప్పింది. నీటి తర్వాత మనిషి ఇంతగా వాడే సహజ వనరు ఇంకోటి లేదు. సముద్రాల అడుగు నుంచి తోడేదే ఏటా 400 నుంచి 800 కోట్ల టన్నులని 2023లో మరో అంచనా వేసింది. ఎడారుల్లో కావలసినంత ఉంది కదా అంటారేమో! గాలికి దొర్లి దొర్లి నున్నబడిన ఆ సన్న గింజ సిమెంటుతో సరిగా పట్టుకోదు. కాంక్రీటుకు నది ఇసుకంత నప్పేది మరోటి దొరకడం కష్టం.

గోదారి పంపే పార్సిల్

గోదావరి ఏటా వరదతో పాటు మట్టి, ఇసుక మోసుకొస్తుంది. డెల్టా అంతా అలా వచ్చిన మట్టే. కోనసీమ కొబ్బరితోటలు లేచింది దాని మీదే. సముద్రంలో కలిసిన ఇసుక అక్కడితో ఆగదు. నైరుతి రుతుపవనాల కెరటాలు దాన్ని ఒడ్డు వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. కాకినాడకు ఎదురుగా పొడవాటి నాలుకలా సాగిన హోప్ ఐలాండ్ అలా పేరుకున్న ఇసుకే.

ఇప్పుడా పార్సిల్ పలచబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ఇది. 1970లలో గోదావరి ఏటా సగటున 14.5 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకు వచ్చేసరికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. సగం కూడా లేదు! 1976 నుంచి పాతికేళ్లలో పెరిగిన నేలను తీసేసి చూసినా, డెల్టా అంచున 1,836 హెక్టార్లు సముద్రం పాలయ్యాయి. ఎకరాల్లో చెబితే దాదాపు 4,500.

దోషి ఎవరు? ఒక్కరే అయితే పట్టుకోవడం తేలికే. ఎగువన జాయక్వాడీ నుంచి శ్రీరాంసాగర్ దాకా కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. పరిశోధకులు పెద్ద వాటా వీటికే వేశారు. ఉప్పాడ సంగతికొస్తే ఇంకొన్ని చేరతాయి. హోప్ ఐలాండ్ పెరిగేకొద్దీ కెరటాలు మలుపు తిరిగి ఊరి మీదికి వస్తున్నాయి. కాకినాడ రేవు కోసం కట్టిన గోడలు, లోతు చేసిన కాలువలు ఒడ్డు వెంట నడిచే ఇసుకకు అడ్డం పడుతున్నాయి. ఇక మిగిలినదాంట్లో ర్యాంపుల వంతు. కొవ్వూరు, తాళ్లపూడి, సీతానగరం, ఆలమూరు, రావులపాలెం... గోదారి గట్టు వెంట ఇసుక ర్యాంపు లేని మండలం అరుదు. ధవళేశ్వరం దగ్గర పడవవాళ్లు నీళ్లలో మునిగి బకెట్లతో పైకి తెచ్చే ఇసుక నుంచి, పొక్లెయిన్లు టిప్పర్లలోకి ఎత్తే ఇసుక దాకా అన్నీ ఆ పార్సిల్ లోంచి తీస్తున్నవే.

ఉప్పాడలో పడిపోయిన ఫలానా గోడకు ఫలానా ర్యాంపు కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. తవ్వేవాళ్లకు ఇంతకాలం అండగా నిలిచిందీ ఈ తేల్చి చెప్పలేకపోవడమే. ఆ అండ ఒక ఊరిని ఏం చేసిందో తెలియాలంటే ఇంగ్లండు దాకా వెళ్లాలి.

హాల్‌శాండ్స్ కథ

ఇంగ్లండు నైరుతి మూల డెవాన్ ప్రాంతంలో కొండ అంచున హాల్‌శాండ్స్ అనే చిన్న ఊరుండేది. 37 ఇళ్లు. 1891 జనాభా లెక్కల్లో 159 మంది. అందరిదీ చేపల వేటే. ఊరికీ సముద్రానికీ మధ్య గులకరాళ్ల మేట ఒకటి ఉండేది. వలలు ఆరేసుకోవడానికీ అదే, పడవలు లాక్కోవడానికీ అదే. తుపానొస్తే అడ్డు నిలిచేదీ అదే.

1890లలో ప్లిమత్ దగ్గర నౌకాదళ రేవును పెద్దది చేయాలనుకుంది ప్రభుత్వం. కాంక్రీటుకు బోలెడు గులక కావాలి. హాల్‌శాండ్స్ ఎదుట సముద్రంలో కావలసినంత ఉంది. 1897లో డ్రెడ్జర్లు దిగాయి. గుత్తేదారు దగ్గర ప్రభుత్వమిచ్చిన లైసెన్సు ఉంది. అంతా చట్టప్రకారమే!

బెస్తలు గొడవపెట్టారు. విచారణ జరిగింది. తవ్వినచోట సముద్రమే మళ్లీ గులక తెచ్చి నింపేస్తుందని, ఊరికి భయం లేదని తేల్చారు. తవ్వకాలు సాగినన్నాళ్లూ ఊరికి ఏటా 125 పౌన్లు, క్రిస్మస్‌కు బెస్తలకు మరో 20 పౌన్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఊరు నోరు మూసుకుంది.

సముద్రం నింపలేదు. ఆ గులక మేట ఇప్పటిది కాదు. వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముగిసే రోజుల్లో పోగైంది. కొత్తగా తెచ్చిపోసేవారెవరూ లేరు. దాదాపు ఆరున్నర లక్షల టన్నులు తోడాక ఊరి ముందున్న మేట మనిషి ఎత్తుకు మించి కుంగిపోయింది. గోడలు బీటలిచ్చాయి. మళ్లీ గొడవ చేస్తే 1902 జనవరిలో లైసెన్సు రద్దు చేశారు. తవ్వకం ఆగింది గానీ కోత ఆగలేదు. గోడ కట్టారు. పదిహేనేళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. 1917 జనవరి 26 రాత్రి గాలివాన, పోటు ఒక్కసారే వచ్చాయి. అందరూ కొండెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. తుపాను వెలిశాక చూస్తే ఉండటానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఒక ఊరు చచ్చిపోవడానికి అక్కడెవరూ చట్టం మీరలేదు. దొంగతనంగా ఒక్క తట్ట కూడా ఎత్తలేదు. ‘మళ్లీ నిండుతుందిలే’ అన్న ఒక్క మాటను ఎవరూ సరిగా పరీక్షించలేదు, అంతే.

ఆ పాఠం బ్రిటన్‌కు ఆలస్యంగానైనా ఎక్కింది. ఇప్పుడు అక్కడ సముద్రగర్భం నుంచి ఇసుక, గులక తీయాలంటే ముందు తీరం మీద ప్రభావమేమిటో లెక్కగట్టి చూపించాలి. 1993 నుంచి ఇసుక తోడే ప్రతి ఓడలోనూ విమానాల్లో బ్లాక్‌బాక్స్ లాంటి యంత్రం ఉండాలి. ఓడ ఎక్కడుంది, తోడుతోందా లేదా అన్నది అదే రాసుకుంటుంది. గీత దాటి తోడితే ఓడే సాక్ష్యం చెబుతుంది.

ఎవరి దారి వాళ్లది

నెదర్లాండ్స్‌ది ఇంకో దారి. దేశంలో పావు వంతు నేల సముద్రమట్టం కంటే దిగువన ఉన్న డచ్చివాళ్లకు ఇసుక కోట గోడతో సమానం. సముద్రం 20 మీటర్ల లోతు దాటాకే ఇసుక తియ్యాలన్నది అక్కడి నియమం. అంతకు ఇవతల ఉన్నది తీరం వాటా, ముట్టుకోకూడదు. తీరం 1990 నాటి గీతకు ఇవతలికి జరగకూడదని తీర్మానించుకుని, లోతు నుంచి తీసిన ఇసుకను ఏటా ఒడ్డుకు తెచ్చి పోస్తున్నారు. ఏడాదికి సుమారు కోటీ 20 లక్షల ఘనపు మీటర్లు. 2011లో హేగ్ నగరం దగ్గర ఒకేసారి రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా గుట్టపోసి, కెరటాలే దాన్ని తీరమంతా సర్దుకునేలా చేశారు. వాళ్లు డబ్బున్నవాళ్లు, చేయగలరు అనుకోవచ్చు. నిజమే. కానీ ‘తీరం వాటా’ అన్న ఆలోచనకు డబ్బుతో పనిలేదు.

అసలు మన విశాఖలోనే దానికి చిన్న నమూనా ఉంది. ఔటర్ హార్బరు గోడలకు అడ్డంపడి పేరుకున్న ఇసుకను తోడి ఆర్కే బీచ్ వైపు పోయడం అక్కడ ఏళ్లుగా ఉన్న అలవాటు. రేవు అడ్డుకున్న ఇసుకను రేవే తిరిగి ఇవ్వాలన్నది అందులోని నీతి.

అమెరికాలోని కాలిఫోర్నియాది మరో కథ. మాంటెరీ అఖాతంలో మరీనా అనే ఊరి దగ్గర ఒడ్డునే ఓ ఇసుక గని ఉండేది. 1906 నుంచీ నడిచింది. ఏటా లక్షన్నర ఘనపు మీటర్లకు మించి తీస్తోందని అంచనా. ఆ రాష్ట్రంలో అత్యంత వేగంగా కోతకు గురయ్యే తీరాల్లో అదొకటి. గనివాళ్లు ఏమన్నారు? ‘తీర రక్షణ చట్టం వచ్చింది 1976లో. మేం అంతకు ముందునుంచీ ఉన్నాం, మాకు వర్తించదు’ అన్నారు. దశాబ్దాలు ఆ వాదనే నడిచింది. శాస్త్రవేత్తలు కోతను కొలిచి చూపించారు. ఊరివాళ్లు పట్టువదల్లేదు. చివరికి 2017లో ఒప్పందమైంది. 2020 ఆఖరుకల్లా తవ్వకం ఆపాలి, ఆ నేలను తక్కువ ధరకు ప్రకృతి రక్షణ కోసం వదులుకోవాలి. అమెరికా ఖండభాగంలో ఒడ్డున మిగిలిన చివరి ఇసుక గని అలా మూతపడింది.

ఆసియాలో ఇసుక కథ దేశాల సరిహద్దుల దాకా వెళ్లింది. సింగపూర్ సముద్రాన్ని పూడ్చుకుంటూ 1960ల నుంచి తన నేలను దాదాపు పావు వంతు పెంచుకుంది. ఆ ఇసుకలో చాలావరకు పొరుగు దేశాలదే. ఇండోనేసియాలో సరిహద్దుకు గుర్తుగా ఉన్న నిపా దీవి తవ్వకాలకు మునిగిపోయే స్థితికి వచ్చింది. 2003లో ఆ దేశం సముద్రపు ఇసుక ఎగుమతిని నిషేధించింది. 2017లో కాంబోడియా, 2018లో మలేసియా అదే దారి పట్టాయి. అయితే ఇండోనేసియానే 2023లో మళ్లీ తలుపు తీసే నిబంధన తెచ్చింది. బెస్తలు, పర్యావరణవాదులు భగ్గుమన్నారు. నిషేధం పెట్టడం ఒక ఎత్తయితే దాన్ని నిలబెట్టుకోవడం రెండెత్తులు.

కాగితం మీద ఉన్న చట్టం ఎంతమాత్రం కాపలా కాస్తుందో శ్రీలంకను అడగాలి. సున్నం బట్టీల కోసం పగడపు దిబ్బలు తవ్వకూడదని అక్కడ 1981లోనే తీరరక్షణ చట్టం తెచ్చారు. నైరుతి తీరంలో తవ్వకాలు మాత్రం దొంగచాటుగా సాగుతూనే వచ్చాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. పగడపు దిబ్బ ఉన్న హిక్కడువ దగ్గర నీళ్లు సుమారు 50 మీటర్లు లోపలికి వచ్చి ఆగాయి. కాస్త దూరంలో, దిబ్బను తవ్వేసిన పెరలియ దగ్గర కిలోమీటరున్నర లోపలికి దూసుకెళ్లాయి. నిండుగా ఉన్న రైలును విసిరికొట్టి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది అక్కడే. తర్వాత అక్కడికెళ్లి కొలిచిన శాస్త్రవేత్తలు, తేడాకు తవ్వకాలు కారణమని రాశారు.

మన చట్టం ఎక్కడుంది?

మనకు చట్టాలు లేవనుకుంటే పొరపాటు. తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991లోనే వచ్చింది. ఒడ్డున ఇసుక, రాళ్లు తవ్వకూడదంది. ఇంకెక్కడా దొరకని అరుదైన ఖనిజాలకే మినహాయింపు. 2011, 2019లలో దాన్ని తిరగరాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం నదుల్లో ఇసుక తవ్వకాలకూ కళ్లెం వేసింది.

అసలు మలుపు 2012 ఫిబ్రవరి 27న. హర్యానాకు చెందిన దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటిదాకా 5 హెక్టార్ల లోపు ఇసుక లీజులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. దాంతో పెద్ద రేవును చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో లీజు పుట్టించేవారు. గుమ్మం ఎత్తు ఎంతో తెలిసినవాడికి వంగి దూరడం ఎంతసేపు! ఎంత చిన్న లీజైనా అనుమతి తీసుకోవాల్సిందేనని కోర్టు ఆ దారి మూసింది.

దాని వెనకే 2016లో ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు, 2020లో వాటిని అమలు చేసే పద్ధతులు వచ్చాయి. డ్రోన్లతో కొలవమన్నారు. లారీలకు బార్‌కోడ్ ఉన్న పర్మిట్లు ఇమ్మన్నారు. రాత్రి నిఘా పెట్టమన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ‘పునఃపూరణ’ అధ్యయనం. అంటే వానలకు ముందు గొయ్యి ఎంత లోతు ఉంది, వరద తర్వాత ఎంత నిండింది అని కొలిచి, నిండినంతే తవ్వుకోమనడం.

చదివితే సబబుగానే ఉంటుంది. నిండింది తీసుకుంటే నష్టమేముంది?

ఒక్క క్షణం ఆలోచిస్తే మెలిక తెలుస్తుంది. గోతిలో నిండిన ఇసుక ఎక్కడినుంచి వచ్చింది? నది దిగువకు తీసుకుపోతున్నదే కదా! గొయ్యి లేకపోతే అది అక్కడ ఆగేది కాదు. కొంత లంకలకు, కొంత సముద్రానికి, అక్కడినుంచి తీరానికి చేరేది. గొయ్యి నిండితే నష్టం తీరిపోయినట్టు కాదు, దిగువవాళ్ల ఖాతాలోంచి తెచ్చి ఎగువ అప్పు తీర్చినట్టు. మన నిబంధన గోతిని కొలుస్తుంది. తీరాన్ని కొలవదు. హాల్‌శాండ్స్‌లో గొయ్యి నిండలేదు, ఊరు పోయింది. ఇక్కడ గొయ్యి నిండుతుంది, అయినా దిగువన ఒడ్డుకు లోటు పడుతుంది.

అనుమతి కాగితాల్లో లీజు చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర ఊళ్లు, వంతెనలు, బావులు చూస్తారు. బాగానే ఉంది. కానీ గోదారి మొత్తం మీద ఏ యేటికాయేడు ఎంత ఇసుక వస్తోంది, అందులో ఆనకట్టల్లో ఎంత ఆగింది, ర్యాంపుల్లో ఎంత తీశారు, సముద్రానికి ఎంత చేరాలి అని ఒకే పద్దులో వేసి చూడమని ఆ కాగితాల్లో అడగరు. ర్యాంపు లెక్క గనుల శాఖది. జలాశయం లెక్క జలవనరుల శాఖది. రేవు లెక్క రేవుదే. కోత లెక్క తీర పరిశోధన సంస్థది. ఆ సంస్థ కొలతల ప్రకారం 1990 నుంచి పాతికేళ్లకు పైగా కాలంలో దేశ తీరంలో మూడో వంతు, ఆంధ్రా తీరంలో నాలుగో వంతుకు మించి కోతకు గురైంది. నాలుగు పుస్తకాలూ ఒకచోట తెరిస్తేగానీ ఉప్పాడకు దక్కాల్సిన వాటా ఎంతో తెలియదు.

ఇప్పుడు ఇంకో పుస్తకం కూడా తెరుచుకుంది. సముద్రగర్భ ఖనిజాల చట్టాన్ని 2023లో సవరించి, 2024 నవంబరులో కేంద్రం తొలిసారి 13 బ్లాకులను వేలానికి పెట్టింది. అందులో మూడు కేరళలోని కొల్లం తీరానికి ఎదురుగా ఉన్న నిర్మాణపు ఇసుక. మత్స్యకారులు వీధికెక్కారు. 2025 మార్చిలో కేరళ శాసనసభ వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానించింది. నదిలో కరువైన ఇసుకను కడలి నుంచి తెచ్చుకోవడం తప్పని కాదు. బ్రిటన్, నెదర్లాండ్స్ తెచ్చుకుంటూనే ఉన్నాయి. ముందు తీరం వాటా పక్కన పెట్టి, తర్వాత తోడుతున్నాయి. తేడా అక్కడే ఉంది.

ఇల్లు కట్టొద్దా మరి?

కట్టాలి. ఉప్పాడలో ఇల్లు పోయినవాడికీ కొత్త ఇల్లు కావాలి, దానికీ ఇసుకే కావాలి. ఎడ్లబండి మీద గంపెడు ఇసుక తోలుకునే కూలివాడూ, నీళ్లలో మునిగి బకెట్ నింపే పడవవాడూ ఈ కథలో విలన్లు కారు. ప్లాస్టరింగుకు తప్ప మిగతా పనికి చాలాచోట్ల రోబో ఇసుక వాడుతున్నారు. అదీ కొండను పిండి చేస్తేనే వస్తుందనుకోండి, కాకపోతే కొండ దగ్గర జరిగిన నష్టం కొండ దగ్గరే కనిపిస్తుంది. పడగొట్టిన కట్టడాల శిథిలాలను తిరిగి వాడే కేంద్రాలు కొన్ని నగరాల్లో మొదలయ్యాయి. ఇవన్నీ నది మీద బరువు తగ్గించేవే.

అయితే అంతకన్నా ముందు జరగాల్సింది చిన్న పని. ర్యాంపుకు అనుమతి ఇచ్చే రోజున ఆ బల్ల దగ్గర ఉప్పాడ తరఫున ఒక కుర్చీ ఉండాలి. ఎగువన నదిలో ఎంత తీస్తున్నారని అడిగే హక్కు దిగువన ఒడ్డున ఉన్నవాళ్లకు ఉండాలి. తవ్వేవాడు ‘మళ్లీ నిండుతుందిలే’ అంటే, ‘ఎవరి ఇసుకతో?’ అని అడిగేవాళ్లు ఉండాలి. కాలిఫోర్నియాలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు, గని మూతపడింది. హాల్‌శాండ్స్‌లో అడిగినవాళ్లకు ఏడాదికి 125 పౌన్లు ఇచ్చి ఇంటికి పంపారు.

ఉప్పాడలో ఇంకా ఇళ్లున్నాయి. మగ్గాలు ఆడుతున్నాయి. తెల్లవారుజామున పడవలు వేటకు వెళుతున్నాయి. అడగడానికి ఇంకా సమయం ఉంది. పాతికేళ్ల తర్వాత కూడా ‘మీ ఊరెక్కడ?’ అంటే ఈ పిల్లల వేలు నేల వైపే చూపించాలి.